మానేయలేదు, టైమైపోయింది: సైన్యం నుంచి ఆడవాళ్లు ఎందుకు బయటికొస్తున్నారు?

2017 వేసవిలో మా పై వాటాలో అద్దెకున్న ఒక లెఫ్టినెంట్ కల్నల్ ఇల్లు ఖాళీ చేసింది. సికింద్రాబాద్ అల్వాల్‌లో ఉండేవాళ్లకు ఆర్మీ సామాను లారీలు వింత కాదు. ఏప్రిల్, మే వచ్చాయంటే తిరుమలగిరి, బొల్లారం వైపు ఏ సందు చూసినా నల్లరంగు రేకు పెట్టెలు ఎక్కించడమో దించడమో జరుగుతూనే ఉంటుంది. పెట్టె మూత మీద తెల్ల పెయింట్‌తో పేరు, ర్యాంకు, వెళ్లే ఊరు రాసి ఉంటాయి. ఆమె పెట్టెలు కూడా అలాంటివే. ఒకదాని మీద పాత రాత కనపడకుండా నల్లరంగు పూసి, మళ్లీ తెల్లగా రాసి, బదిలీ వచ్చినప్పుడల్లా మళ్లీ పూసి, రంగు అట్టలు కట్టింది. పెచ్చు లేచిన చోట ‘లెఫ్టినెంట్’ అన్న మొదటి ర్యాంకు ఇంకా కనపడుతోంది. బ్రష్ పట్టుకున్న కుర్రాడు "ఏ ఊరు రాయాలి మేడమ్?" అని అడిగితే ఆమె కాసేపు ఆగి, "పేరొక్కటి రాయి బాబూ, చాలు" అంది.

మా వీధిలోని ఒక పెద్దావిడ ఊరుకోలేక అడిగేసింది. "అంత మంచి ఉద్యోగం ఎందుకు మానేశావమ్మా? అత్తగారు వద్దన్నారా?"

"నేను మానలేదు పిన్నిగారూ. నా టైమైపోయింది."

ఆవిడకి అర్థం కాలేదు. నాకూ పూర్తిగా అర్థం కాలేదు. 38 ఏళ్లకు గవర్నమెంటు ఉద్యోగంలో టైమైపోవడమేమిటి? ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. కోర్టు తీర్పులు చదివాను, కంటోన్మెంటులో తెలిసినవాళ్లను అడిగాను. తెలిసినకొద్దీ ఒకటి మాత్రం గట్టిగా అనిపించింది. ఆడవాళ్లు సైన్యాన్ని ఎందుకు వదిలేస్తున్నారు అని మనం చాలా తేలిగ్గా అడిగేస్తాం. ఆ ‘వదిలేయడం’లో నాలుగైదు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయని చూడం. రాసుకున్న గడువు తీరి ఇంటికి వచ్చినా, ఎంపిక బోర్డులో పేరు రాక బయటపడినా, చంటిబిడ్డ కోసం ముందే దరఖాస్తు పెట్టుకున్నా, బయట ఇంకా మంచి దారి దొరికి వెళ్లినా, చుట్టాల నోట అన్నిటికీ ఒకటే మాట: మానేసింది.

ముందు మన సికింద్రాబాద్ సంగతే చెప్తాను. సెలీనా జాన్ అనే ఆవిడ 1985లో మిలిటరీ నర్సింగ్ సర్వీసులో లెఫ్టినెంటుగా కమిషన్, అంటే ఆఫీసరు నియామకం పొంది, సికింద్రాబాద్ మిలిటరీ ఆస్పత్రిలో పోస్టింగ్ మీద చేరారు. 1988లో ఒక ఆర్మీ ఆఫీసర్‌నే పెళ్లి చేసుకున్నారు. ఆ ఏడాది ఆగస్టులో ఆమెను సర్వీసు నుంచి తీసేశారు. ముందుగా సంజాయిషీ అడిగిన నోటీసు కూడా లేదు. కారణం పెళ్లి. 1977 నాటి ఒక ఆర్మీ ఇన్‌స్ట్రక్షన్‌లో నర్సింగ్ ఆఫీసర్లను తొలగించడానికి రాసుకున్న కారణాల్లో ఆరోగ్యం సరిగా లేకపోవడం, తప్పుడు ప్రవర్తన వంటివాటి పక్కనే పెళ్లి చేసుకోవడం కూడా ఉంది. మగ ఆఫీసర్లకు అలాంటి నిబంధన లేదు. దాన్ని 1995లో ఎత్తేశారు. ఆమె కేసు మాత్రం 2024 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టులో తేలింది. పెళ్లయిందన్న కారణంతో ఉద్యోగం తీసేయడం పచ్చి లింగ వివక్ష అని చెప్పి, 60 లక్షల రూపాయలు ఇవ్వమని కోర్టు ఆదేశించింది. ఉద్యోగం పోయిన నాటికీ తీర్పు వచ్చిన నాటికీ మధ్య 35 ఏళ్లు గడిచాయి.

ఆ రోజుల్లో ఎవరైనా అడిగి ఉంటే ఏమనేవారు? పెళ్లయింది కదా, మానేసి ఉంటుందిలే అనేవారు.

ఇప్పుడు మా పై వాటా ఆమె టైము సంగతి. 1992 దాకా మన సైన్యంలో ఆడవాళ్లకు డాక్టరుగానో, డెంటిస్టుగానో, నర్సుగానో తప్ప వేరే దారి లేదు. ప్రియా ఝింగన్ అనే లా విద్యార్థిని అప్పటి ఆర్మీ చీఫ్ జనరల్ రోడ్రిగ్స్‌కు, ఆడపిల్లలకూ అవకాశం ఇవ్వమని ఉత్తరం రాశారు. 1992లో ప్రత్యేక ప్రవేశ పథకం వచ్చింది. చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో శిక్షణ పూర్తిచేసుకుని 1993 మార్చిలో మొదటి బ్యాచ్, 25 మంది, బయటికొచ్చారు. ఇంతవరకూ సంతోషమే. అయితే ఆ పథకంలో వాళ్లకిచ్చింది ఐదేళ్ల సర్వీసు. తర్వాత దాన్ని పదేళ్లకు, ఆ పైన పద్నాలుగేళ్లకు పెంచుతూ పోయారు. షార్ట్ సర్వీస్ కమిషన్ అంటే అదే.

మగవాళ్లలోనూ షార్ట్ సర్వీసు ఉంది కదా అనొచ్చు, నిజమే. వాళ్లకు మాత్రం పదో ఏడు దగ్గర శాశ్వత కమిషన్, అంటే రిటైర్మెంటు వయసు దాకా ఉద్యోగం, కోరుకునే వీలుంది. వస్తుందా రాదా అన్నది బోర్డు చూసుకుంటుంది, కనీసం అడిగే హక్కు ఉంది. ఆడవాళ్లకు అప్పట్లో ఆ అవకాశమే లేదు. 2008లో న్యాయ విభాగం, విద్యా విభాగం అనే రెండింటిలో మాత్రం ఇచ్చారు. సిగ్నల్స్‌లోనో, ఇంజనీర్స్‌లోనో, సరంజామా చూసే ఆర్డ్‌నెన్స్‌లోనో, యంత్రాల మరమ్మతులు చూసే ఈఎంఈలోనో ఉన్న అమ్మాయికి ఎంత బాగా చేసినా పద్నాలుగో ఏట రిలీజ్ ఆర్డరే వచ్చేది.

ఇప్పుడు పెన్షన్ లెక్క చూడండి. ఆఫీసరుకు పెన్షన్ రావాలంటే 20 ఏళ్ల సర్వీసు ఉండాలి. మా పై వాటా ఆమె విజయనగరం దగ్గర పల్లెలో పుట్టి, ఇంజనీరింగ్ చదివి, 24 ఏళ్లకు 2003లో కమిషన్ అందుకుంది. బఠిండా, జోర్హాట్, ఝాన్సీ తిరిగి సికింద్రాబాద్ చేరింది. 38 ఏళ్లకు పద్నాలుగేళ్లు నిండాయి. పెన్షన్‌కు ఇంకో ఆరేళ్లు తక్కువ. గ్రాట్యుటీ డబ్బు చేతికొచ్చింది. కూతురు మూడో తరగతి. భర్త బ్యాంకు ఉద్యోగి, అప్పటికి వేరే ఊళ్లో ఉన్నాడు. ఆమెతో పాటు చదువుకున్నవాళ్లు కంపెనీల్లో మేనేజర్లయి ఉన్నారు, ఈమె ఇప్పుడు మొదటి రోజు ఉద్యోగిలా బయోడేటా పట్టుకుని నిలబడాలి. పద్నాలుగేళ్లంటే మనకు వనవాసం గుర్తొస్తుంది. అది ముగిశాక రాముడికి రాజ్యం దక్కింది. ఈమె మాత్రం తనకున్న రాజ్యాన్ని అప్పగించి బయటికి నడిచింది.

ఇది ఆమె ఒక్కదాని కథ కాదు. కార్గిల్ యుద్ధంలో చీతా హెలికాప్టర్ నడిపిన గుంజన్ సక్సేనా షార్ట్ సర్వీస్ ఆఫీసరే, 2004లో ఆమె సర్వీసు ముగిసింది. మొట్టమొదట చేరిన ప్రియా ఝింగన్ మేజర్‌గానే బయటికొచ్చారు. వైమానిక దళంలో 1990ల్లో చేరి, 2006 నుంచి 2009 మధ్య గడువు తీరి వెళ్లిపోయిన 32 మంది మహిళా ఆఫీసర్లు పన్నెండేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. 2022 నవంబరులో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమనలేదు కానీ, 20 ఏళ్లు చేసినట్టుగా లెక్కగట్టి పెన్షన్ ఇచ్చే దారి చూపింది. బయటికొచ్చాక పన్నెండేళ్లు పోరాడినవాళ్లను ‘ఇష్టపడి మానేశారు’ అని ఎలా అనగలం?

ఇక్కడ ఒక పోలిక చెప్పాలి, నాకు ఇదే అన్నిటికన్నా గట్టి సాక్ష్యంగా కనపడుతుంది. అదే సైన్యంలో డాక్టర్లుగా చేరిన ఆడవాళ్లున్నారు. వాళ్లకు శాశ్వత కమిషన్ ఎప్పటినుంచో ఉంది. పోస్టింగులు వాళ్లకూ ఉన్నాయి. పెళ్లిళ్లు, కాన్పులు, పిల్లల చదువులు, అత్తమామల ఆరోగ్యాలు వాళ్లకూ ఉన్నాయి. అయినా చివరిదాకా నిలబడ్డవాళ్లు ఎంతమందో. తిరుపతిలో పుట్టిన పద్మా బందోపాధ్యాయ వైమానిక దళంలో డాక్టరుగా చేరి, ఎయిర్ మార్షల్ అయిన మొదటి మహిళగా నిలిచారు. పునీతా అరోరా 2004లో లెఫ్టినెంట్ జనరల్ అయ్యారు. 2024 అక్టోబరులో సర్జన్ వైస్ అడ్మిరల్ ఆర్తీ సరీన్ మూడు దళాల వైద్య సేవలకూ అధిపతి అయ్యారు. ఇల్లూ పిల్లలే అసలు కారణమైతే వీళ్లంతా పదేళ్లకే ఇంటికి రావాలి కదా! పైకి వెళ్లే మెట్లు కట్టి ఉన్నచోట ఆడవాళ్లు ఎక్కారు. సగంలో మెట్లు ఆపేసిన చోట దిగక తప్పలేదు.

కోర్టుల కథ కూడా కొంచెం తెలుసుకోవాలి, ఎందుకంటే అసలు గుట్టు అక్కడే బయటపడింది. 2003లో బబితా పునియా అనే న్యాయవాది ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం వేశారు. తర్వాత ఆఫీసర్లు కూడా ఒక్కొక్కరుగా వచ్చి చేరారు. 2010లో హైకోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2020 ఫిబ్రవరి 17 దాకా ఆ కేసు నడిచింది. ఈ పదేళ్లలో ఎంతమందికి పద్నాలుగేళ్లు నిండిపోయి ఉంటాయో ఆలోచించండి.

ప్రభుత్వం చేసిన వాదనల్లో ఒకటి చదివినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. జవాన్లలో ఎక్కువమంది పల్లెటూళ్ల నుంచి వచ్చినవాళ్లు, ఆడ ఆఫీసరు ఆజ్ఞ ఇస్తే వినేందుకు మానసికంగా సిద్ధంగా లేరు అని. కాన్పులు, పిల్లలు, ఇంటి బాధ్యతలు కూడా ఏకరువు పెట్టారు. పల్లెటూరి మగవాడిని అడ్డం పెట్టుకుని చెప్పిన ఈ మాట పల్లెలకూ అవమానమే. మన పల్లెల్లో కలెక్టరమ్మ వస్తే, ఎస్సై అమ్మాయి అయితే మాట వినరా? జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ అజయ్ రస్తోగీల ధర్మాసనం ఆ వాదనలన్నీ మూస ఆలోచనలని తోసిపుచ్చింది. అప్పటికి ఆర్మీలో ఉన్న మహిళా ఆఫీసర్లు 1,653 మంది, మొత్తం ఆఫీసర్లలో 4 శాతం. వాళ్లలో 30 శాతం మంది ఘర్షణ ప్రాంతాల్లో పనిచేస్తున్నారన్న సంగతి కూడా తీర్పులోనే ఉంది. సరిహద్దు కష్టం తట్టుకోలేరన్న మాట ఇక ఎలా నిలుస్తుంది? 2016లో విదేశీ సేనలతో కలిసి చేసిన విన్యాసాల్లో మన బృందానికి నాయకత్వం వహించిన ఒక ఆఫీసరు పేరును తీర్పులో ఉదాహరణగా రాశారు. ఆమె సోఫియా ఖురేషీ. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్ గురించి దేశానికి చెప్పడానికి టీవీ కెమెరాల ముందుకు వచ్చిన కల్నల్ ఆమే.

తీర్పు రాగానే అంతా సర్దుకుపోలేదు. 2020లో శాశ్వత కమిషన్ కోసం బోర్డు కూర్చుంది. 615 మందిని పరిశీలిస్తే, వైద్య పరీక్షలు కూడా అయ్యాక 277 మందికి ఇచ్చారు. మిగతావాళ్లు మళ్లీ కోర్టుకెక్కారు. లెఫ్టినెంట్ కల్నల్ నితీషా కేసు అంటారు దాన్ని, 2021 మార్చి 25న తీర్పు. ఉద్యోగంలో ఆడవాళ్లను ఎవరూ తోసేయకుండానే ఎలా బయటికి పంపొచ్చో తెలుసుకోవాలంటే ఆ తీర్పు చదవాలి.

సైన్యంలో ప్రతి ఆఫీసరు మీదా ఏటా ఒక రహస్య నివేదిక రాస్తారు, ఏసీఆర్. పై ఆఫీసరు తొమ్మిదికి ఎన్ని మార్కులు వేశాడన్న దాని మీద పదోన్నతి, మంచి కోర్సు, మంచి పోస్టింగ్ అన్నీ ఆధారపడి ఉంటాయి. సైన్యంలో ఏ ఆఫీసరునైనా అడగండి, ఆ కాగితం అంటే ఎంత టెన్షనో చెప్తారు. ఇప్పుడు ఒక యూనిట్‌లో ఇద్దరు కెప్టెన్లున్నారనుకుందాం, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. ఇద్దరూ బాగా చేస్తారు. ఉన్నది ఒక్క పెద్ద మార్కు. అబ్బాయికి ముందు బోర్డు ఉంది, మార్కు తగ్గితే కెరీర్ పోతుంది. అమ్మాయి ఎలాగూ పద్నాలుగేళ్లకు పోయేదే, ఆమెకు ఎంత వేస్తే ఏమిటి? కమాండింగ్ ఆఫీసరు చెడ్డవాడు కానక్కర్లేదు, చేయి దానంతటదే ఆ వైపు ఒరిగిపోతుంది. శాశ్వత కమిషన్‌కు వెళ్లరన్న ఉద్దేశంతో ఆడవాళ్ల నివేదికలు నిర్లక్ష్యంగా రాశారని సుప్రీంకోర్టు గుర్తించింది. ఆడవాళ్లు కూడా పైకి పనికొచ్చే కోర్సులకు వెళ్లలేదు, వెళ్లినా ఉపయోగం లేదు కదా అని. పదిహేనేళ్ల తర్వాత అదే కాగితాలు బయటికి తీసి, అబ్బాయిల కాగితాల పక్కన పెట్టి, నీకు మార్కులు తక్కువ అన్నారు. పైగా ఐదో ఏడో పదో ఏడో దాకా వచ్చిన నివేదికలే చూసి, ఆ తర్వాత సాధించినవి పక్కన పెట్టారు.

ఆరోగ్యం విషయమూ అంతే. ‘షేప్-1’ అంటే మానసికంగా, వినికిడిలో, కాళ్లూ చేతుల్లో, శరీర దారుఢ్యంలో, చూపులో ఏ లోపమూ లేకపోవడం. మగ ఆఫీసరు శాశ్వత కమిషన్‌కు వెళ్లేది ముప్పై ఏళ్లు అటూ ఇటూగా ఉన్నప్పుడు, ఆ వయసులో పరీక్ష నెగ్గితే చాలు. ఆ తర్వాత నడుం నొప్పో, బీపీయో వచ్చినా ఉద్యోగం పోదు. ఆడవాళ్లకు ఆ అవకాశం ఇవ్వాల్సిన వయసులో ఇవ్వలేదు. నలభై దాటాక, కొందరికి యాభై దగ్గరపడ్డాక, అదే కొలబద్ద పెట్టి కొలిచారు. మన సమాజపు కట్టడాలన్నీ మగవాళ్లు మగవాళ్ల కోసం కట్టుకున్నవే అని కోర్టు ఆ తీర్పులో రాసింది. బోర్డులో 60 శాతం మార్కులు వచ్చినవాళ్లకు, వైద్య ప్రమాణాలను బట్టి, శాశ్వత కమిషన్ ఇవ్వమంది.

ఇదంతా ఎందుకింత వివరంగా చెప్తున్నానంటే, ఉద్యోగం వదిలేయాలన్న ఆలోచన ఆఖరి రోజున పుట్టదు. ఐదో ఏటో ఆరో ఏటో, తన మార్కు పక్కవాడికి పోయిందని తెలిసిన రోజున పుడుతుంది. ఇంకెంత చేసినా ఇంతే అన్న తెలివిడి మనిషిని లోపల నుంచి తొలిచేస్తుంది. ఆ తర్వాత బిడ్డ జ్వరమో, భర్త బదిలీయో వచ్చి చేరితే దరఖాస్తు మీద కారణంగా అదే పడుతుంది. కాగితం మీద ‘కుటుంబ కారణాలు’ అని ఉంటుంది. రాసినది అబద్ధం కాదు, కానీ పూర్తి నిజమూ కాదు.

అలాగని కుటుంబ కారణాలను తక్కువ చేసి చెప్పడం నాకిష్టం లేదు. అవి నిజమైనవి, బరువైనవి. ఆఫీసరు జీవితంలో ఇరవై ఎనిమిది నుంచి ముప్పై నాలుగు దాకా ఉన్న ఏళ్లే ముఖ్యమైన కోర్సులు, ఫీల్డ్ పోస్టింగ్, చిన్న దళానికి నాయకత్వం. పిల్లల్ని కనే ఏళ్లు కూడా అవే. మహిళా ఆఫీసర్లకు ఇద్దరు పిల్లల వరకు ఒక్కో కాన్పుకు 180 రోజుల సెలవు పూర్తి జీతంతో ఉంది, మొత్తం సర్వీసులో 360 రోజుల పిల్లల సంరక్షణ సెలవు కూడా ఉంది. 2023 నవంబరులో ఇవే సెలవులను మహిళా జవాన్లకూ, నావికులకూ, ఎయిర్ వారియర్లకూ వర్తింపజేశారు. మంచి పనే. కానీ సెలవు ఉండటం వేరు, సెలవు తీసుకుని తిరిగొచ్చాక వెనకబడకుండా ఉండటం వేరు. ఆ ఆరు నెలల్లో పోయిన కోర్సు మళ్లీ ఎప్పుడు వస్తుందో తెలియదు.

రెండు మూడేళ్లకో ఊరు. భర్తా సైన్యంలోనే ఉంటే ఇద్దరికీ ఒకేచోట పోస్టింగ్ కోసం అడుగుతారు, చాలాసార్లు ఇస్తారు కూడా. కానీ పై ర్యాంకుకు వెళ్లేకొద్దీ, కమాండ్ చేయాల్సిన సమయం వచ్చేకొద్దీ ఇద్దరి దారులూ కలవడం కష్టమవుతుంది. ఎవరో ఒకరు ఆగాలి. ఎవరు ఆగుతారో మనకు తెలుసు. మగ ఆఫీసరు ఫీల్డ్‌కు వెళ్తే భార్యాబిడ్డలు క్వార్టర్‌లో ఉండేందుకు సైన్యం వేరుగా ఇళ్లు కేటాయిస్తుంది. ఎన్నో ఏళ్లుగా ఆ ఏర్పాటంతా వెనక ఇల్లు చూసుకోవడానికి ఒక భార్య ఉంటుందన్న నమ్మకం మీదే నడుస్తోంది. ఆడ ఆఫీసరు ఫీల్డ్‌కు వెళ్తే వెనక ఎవరున్నారు? మా పై వాటా ఆమె జోర్హాట్‌లో ఉన్నప్పుడు విజయనగరం నుంచి వాళ్ల అమ్మ వెళ్లి రెండేళ్లు ఉంది. హిందీ ముక్క రాని ఆవిడ అక్కడి అంగట్లో వేలు చూపించి కూరలు కొనుక్కునేదట. "మా అమ్మ కూడా సర్వీసు చేసినట్టే అక్కా. ఆమెకు మెడల్ ఇవ్వాలి" అంది నాతో. ఆ మాట చెప్తూ ఆమె కళ్లు తడిశాయి.

మన తెలుగు ఇళ్లలో ఇంకో ముడి ఉంది. కొడుకు ఆర్మీ ఆఫీసరంటే సంబంధానికి గర్వంగా చెప్పుకుంటారు. అమ్మాయి ఆర్మీ ఆఫీసరంటే, "బాగుంది, మరి పెళ్లయ్యాక?" అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఏ ఊళ్లో ఉంటుందో తెలియదు, అబ్బాయి హైటెక్ సిటీలోనో అమెరికాలోనో స్థిరపడి ఉంటాడు, ఆమెతో తిరిగేందుకు సిద్ధపడేవాళ్లు ఎంతమంది? పెళ్లి మాటల్లోనే, రెండేళ్లు చూసి మానేస్తుందిలే అని పెద్దవాళ్లు చెప్పేసుకున్న ఇళ్లు నాకు తెలుసు. ఆ మాట అమ్మాయిని అడిగి చెప్పినది కాదు.

ఇవన్నీ మన దేశానికే పరిమితమా? శాశ్వత కమిషన్ గొడవ మనది. మిగతాది చాలావరకు అన్నిచోట్లా ఉంది. అమెరికాలో ప్రభుత్వ ఖర్చుల మీద నిఘా పెట్టే జీఏఓ అనే సంస్థ 2020లో ఒక నివేదిక ఇచ్చింది. అక్కడ సైన్యం వదిలే అవకాశం మగవాళ్లకన్నా ఆడవాళ్లలో 28 శాతం ఎక్కువని తేలింది. కారణాలుగా పని వేళలు, దూర ప్రాంతాల నియామకాలు, సంస్థలోని వాతావరణం, పిల్లల్ని కనాలన్న ఆలోచన, లైంగిక దాడులు, పిల్లల సంరక్షణ అని రాశారు. వాళ్లకు అన్ని విభాగాలూ తెరిచి ఉన్నా ఇదీ పరిస్థితి. తలుపు తెరిస్తే సరిపోదు, లోపల ఉండేలా కూడా చేయాలి అన్నది అక్కడి అనుభవం.

బ్రిటన్‌లో 2021లో పార్లమెంటు రక్షణ కమిటీ, పనిచేస్తున్న, పనిచేసి వచ్చిన దాదాపు నాలుగు వేల మంది మహిళల మాటలు విన్నది. వాళ్లలో మూడింట రెండు వంతులకు దగ్గరగా వేధింపో, బెదిరింపో, వివక్షో చూశామన్నారు. ఫిర్యాదు చేస్తే కెరీర్ పోతుందన్న భయం కూడా బయటికొచ్చింది. ఈ భయం ఎక్కడైనా ఎందుకు పుడుతుందో ఆలోచిస్తే తెలుస్తుంది. మామూలు ఆఫీసులో సాయంత్రం ఆరింటికి ఇంటికి వెళ్తాం. సైన్యంలో పని, ఇల్లు, భోజనం, పార్టీ, పొరుగు అన్నీ ఒకే గేటు లోపల. ఎవరి మీద చెప్పుకోవాలో అతనే మార్కులు వేసేవాడైతే, రాత్రి మెస్సులో ఎదురు కుర్చీలో కూర్చునేదీ అతనే అయితే, నోరు మూసుకుని గడువు తీరేదాకా రోజులు లెక్కపెట్టుకోవడమే చాలామందికి తోచే దారి. అలా వెళ్లిపోయిన మనిషి దరఖాస్తులో అసలు కారణం రాయదు. అందుకే ఏ దేశంలో అయినా వేధింపుల వల్ల ఎంతమంది మానేశారన్న లెక్క ఎప్పుడూ తక్కువే కనపడుతుంది.

నిజంగా ఇష్టపడి, సంతోషంగా బయటికొచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్లను మర్చిపోకూడదు. పదేళ్లు దేశం కోసం చేశాను, ఇప్పుడు వ్యాపారం పెడతాను, ఎంబీఏ చదువుతాను, పర్వతాలెక్కుతాను అనుకుని వచ్చేవాళ్లు. వందల మందిని నడిపించిన అనుభవం, ఎలాంటి టెన్షన్‌లోనైనా తల చల్లగా ఉంచుకునే అలవాటు కంపెనీలకు కావాలి. బయటికొచ్చే ఆఫీసర్ల కోసం రక్షణ శాఖ ఐఐఎంలలో ఆరు నెలల కోర్సులు నడిపిస్తుంది కూడా. ఇరవై ఏళ్లు పూర్తిచేసి పెన్షన్‌తో కంపెనీ ఉద్యోగానికి వెళ్లే కల్నల్ సాబ్‌ను చూసి మనం ‘మానేశాడు’ అనం, ‘సెకండ్ ఇన్నింగ్స్’ అంటాం. ఆమె విషయంలో కూడా అదే మర్యాద చూపితే బాగుంటుంది. అగ్నివీర్‌గా చేరిన అమ్మాయి నాలుగేళ్లకు ఇంటికొస్తే కూడా గుర్తుంచుకోండి. ఆ పథకంలో ఆడా మగా ఎవరైనా నాలుగో వంతు మందినే ఉంచుకుంటారు.

పరిస్థితి మారుతోంది. 2023 జనవరిలో ప్రత్యేక బోర్డు పెట్టి, 244 మంది మహిళా లెఫ్టినెంట్ కల్నళ్లను పరిశీలించి, 108 కల్నల్ పోస్టులు భర్తీకి తీసుకున్నారు. యూనిట్లకు ఆడవాళ్లు కమాండింగ్ ఆఫీసర్లయ్యారు. ఏ జవాన్లు వినరని కోర్టులో చెప్పారో, ఆ జవాన్లు రోజూ పొద్దున వాళ్లకు సెల్యూట్ చేస్తున్నారు. 2022లో పుణెలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్డీఏ)లోకి అమ్మాయిలు అడుగుపెట్టారు, 2025 మే 30న మొదటి 17 మంది పరేడ్ చేసి బయటికొచ్చారు. ఎన్డీఏ దారిలో వచ్చేవాళ్లకు నేరుగా శాశ్వత కమిషనే. పద్నాలుగేళ్ల గోడ వాళ్ల ముందు లేదు.

ఆ గోడ అందరికీ కూలిపోయిందని మాత్రం అనుకోకండి. సరిగ్గా అదే 2025 మే నెలలో, ఆపరేషన్ సిందూర్ రోజుల్లో, రిలీజ్ ఆర్డర్లు అందుకున్న షార్ట్ సర్వీస్ మహిళా ఆఫీసర్లు సుప్రీంకోర్టు తలుపు తడుతున్నారు. ఇప్పుడిప్పుడే వాళ్లను పంపొద్దని, వాళ్ల మనోబలం దెబ్బతీయొద్దని కోర్టు చెప్పాల్సి వచ్చింది. బాలాకోట్‌లోనూ సిందూర్‌లోనూ పాల్గొన్న ఒక వింగ్ కమాండర్‌కు పదమూడున్నరేళ్లు నిండి రిలీజ్ వస్తే దాన్నీ ఆపింది. అంటే టీవీలో ఇద్దరు మహిళా ఆఫీసర్లను చూసి మనం చప్పట్లు కొడుతున్న వారంలోనే, వాళ్ల సాటివాళ్లు ఉద్యోగం కోసం అఫిడవిట్లు రాయించుకుంటున్నారు.

మొన్న మా తమ్ముడి కూతురు డిగ్రీ అయిపోయి, ఎన్‌సీసీ సర్టిఫికెట్ పట్టుకుని, ఆర్మీకి అప్లై చేస్తాను పెద్దమ్మా అని వచ్చింది. నేను వద్దనలేదు, అనను కూడా. వెంటనే పై వాటా ఆమెకు ఫోన్ చేసి దీని చేతికిచ్చాను. ఆమె ఇప్పుడు విశాఖలో ఒక సంస్థలో భద్రతా విభాగం చూస్తోంది. అరగంట మాట్లాడింది. ఏ ఎంట్రీలో వెళ్తున్నావు, అందులో శాశ్వత కమిషన్ ఎప్పుడు అడగొచ్చు, మొదటి రోజు నుంచీ ప్రతి ఏసీఆర్‌ను అబ్బాయిలు పట్టించుకున్నంతగా పట్టించుకో, ఏ కోర్సూ వదలొద్దు, మెడికల్ బోర్డు కాగితాలన్నీ నకళ్లు తీసి దాచుకో, పెళ్లి మాటలు వచ్చినప్పుడు నీ నోటితో నువ్వే మాట్లాడు అని వరసగా చెప్పిందట. పిల్ల అన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంది.

ఫోన్ పెట్టేసే ముందు, "నా దగ్గర రెండు రేకు పెట్టెలున్నాయి, గట్టివి. సెలెక్ట్ అయితే చెప్పు, రంగు గీకించి పంపిస్తాను" అందట.